నడుముకి కట్టుకునే చిన్న పౌచ్: ఏ యాత్రకి ఏం పెట్టాలి, ఏం తీసేయాలి

పెద్ద బ్యాగు ఎంత జాగ్రత్తగా సర్దుకున్నా, అవసరం పడే వేళకి అది చేతికందదు. జలపాతం చూసొద్దామని టెంట్‌లో వదిలేసి వెళ్తాం. డార్మిటరీలో అయితే లాకర్‌లో పెట్టేస్తాం. లేదంటే వాహనంలో ముందే పంపించేసి వెనకాల నడుస్తాం. దారి తప్పేదీ, మడమ ఒరుసుకుపోయేదీ, చీకటి పడేదీ ఆ మధ్యలోనే. బ్యాగు, బస, గైడు మూడూ లేకుండా ఒక రాత్రి గడపాల్సి వస్తే ఒంటి మీద ఏం ఉండాలి? పౌచ్‌లో ఏది ఉండాలో, ఏది అక్కర్లేదో ఆ ప్రశ్నే తేల్చేస్తుంది.

అమెరికాలోని సియాటిల్‌కి చెందిన పర్వతారోహకుల సంఘం ‘ది మౌంటెనీర్స్’ 1930లలోనే పది అత్యవసర వస్తువుల జాబితా తయారుచేసింది. అది ఇప్పటికీ పనికొచ్చే జాబితాయే, కానీ వీపు సంచి లెక్కన రాసింది. అదనపు బట్టలు, తిండి, నీళ్లు పౌచ్‌లో పట్టవు. పౌచ్ అంటే సుమారు 18 సెంటీమీటర్ల పొడవు, 12 ఎత్తు, 6 మందం. అన్నీ పెట్టాక 400 గ్రాములు దాటకూడదు. దాటిందా, రెండో రోజుకే విప్పి బ్యాగులో పడేస్తారు, అప్పుడిక అది ఉన్నా లేనట్టే. రంగు నారింజో పసుపో అయితే మంచిది. ఎండుటాకుల్లో జారిపడిన ఖాకీ పౌచ్ రెండడుగుల దూరం నుంచి కూడా కనబడదు. ‘వాటర్‌ప్రూఫ్’ అని రాసి ఉన్నా కుట్ల దగ్గర, జిప్పు దగ్గర నీళ్లు దిగుతాయి. అందుకే మందులూ, నిప్పు సామానూ జిప్‌లాక్ కవర్లలో విడివిడిగా ఉండాలి.

మొదటి చోటు వెలుతురుది. ఫోన్ టార్చ్‌ని లెక్కలోకి తీసుకోకండి. అది పట్టుకోడానికే ఒక చెయ్యి పోతుంది, పైగా సాయం కోసం పిలవాల్సిన ఫోన్ ఛార్జింగే అయిపోతుంది. చిన్న హెడ్‌ల్యాంప్ చాలు, ఎరుపు లైటు ఉన్నదైతే డార్మిటరీలో పక్కవాళ్ల నిద్ర చెడదు. హెడ్‌ల్యాంప్ మొరాయించడానికి ఎక్కువసార్లు కారణం ఒకటే: పౌచ్‌లో బటన్ నొక్కుకుపోయి పగలంతా వెలుగుతూనే ఉండటం. లాక్ సౌకర్యం లేకపోతే ఒక బ్యాటరీని తిరగేసి పెట్టండి. వాడేముందు సరిచేసుకోడానికి పది సెకన్లు పట్టదు. ఆల్కలైన్ బ్యాటరీలు నెలల తరబడి లోపలే ఉంటే కారిపోయి స్ప్రింగులు తుప్పుపడతాయి. చలి ప్రాంతాల్లో లిథియం బ్యాటరీలు మేలు, కానీ మీ ల్యాంప్‌కి అవి సరిపడతాయో లేదో దాని సూచనల కాగితంలో ముందే చూసుకోవాలి.

విజిల్ పౌచ్ లోపల ఉండకూడదు, బయట పట్టీకి కట్టి ఉండాలి. కాలు విరిగి పడ్డ మనిషి జిప్పు వెతుక్కోలేడు. లోపల గుండు లేని ప్లాస్టిక్ విజిల్ తీసుకోండి. గుండు ఉన్నది తడిస్తే ఇరుక్కుంటుంది, లోహంది గడ్డకట్టే చలిలో పెదవికి అంటుకుంటుంది. వరసగా మూడుసార్లు ఊదడం చాలాచోట్ల ఆపద గుర్తు. ఆల్ప్స్ పద్ధతిలో నిమిషానికి ఆరుసార్లు ఊది, ఒక నిమిషం ఆగి, మళ్లీ మొదలుపెడతారు. జవాబుగా నిమిషానికి మూడుసార్లు వినిపిస్తే ఎవరో విన్నట్టు. అరుపు పది నిమిషాల్లో గొంతు పోగొడుతుంది, విజిల్ గంటలు నడుస్తుంది.

ఇక పాదాలు. నడకలు సగంలో ఆగిపోయేది ఎక్కువగా బొబ్బలవల్లే, కాబట్టి పౌచ్‌లో అన్నిటికంటే ముందు ఖర్చయ్యేది టేపే. జింక్ ఆక్సైడ్ టేపు (చర్మానికి గట్టిగా అంటుకునే గుడ్డ టేపు) ఒక మీటరు, పాత పెన్సిల్ ముక్కకి చుట్టి పెట్టుకోవచ్చు. మడమ దగ్గర మంటగా, వేడిగా అనిపించిన నిమిషంలోనే ఆగాలి. వచ్చే మలుపు దాకా అనుకుంటే బొబ్బ లేచిపోతుంది. బూటూ సాక్సూ విప్పి, చెమట పూర్తిగా తుడిచి, రెండు నిమిషాలు గాలికి ఆరనివ్వండి. టేపుని మంటపుట్టే చోటు కంటే అన్నివైపులా ఒక వేలెడు వెడల్పు ఎక్కువగా కత్తిరించి, నాలుగు మూలలూ గుండ్రంగా చేయండి. మూల కోసుగా ఉంటే సాక్సు దాన్ని పట్టి లేపేస్తుంది, లేచిన అంచు కింద ఇసుక చేరి కొత్త పుండు పెడుతుంది. ముడత రాకుండా మధ్య నుంచి అంచులకి నొక్కి, అరచేత్తో ఒక అరనిమిషం అదిమి పట్టుకోండి, ఆ వేడికి జిగురు పట్టుకుంటుంది. సాక్సులో నలిగిన చోటు లేకుండా లాగి వేసుకుంటే రోజంతా ఉంటుంది. అప్పటికే బొబ్బ లేచిపోయి ఉంటే దాని మీద నేరుగా టేపు వేయొద్దు, విప్పేటప్పుడు చర్మం దానితోపాటే వస్తుంది. హైడ్రోకొలాయిడ్ ప్యాచ్‌లు (బొబ్బ మీద వేసే మెత్తని జెల్ పట్టీలు) రెండు ఉంచుకునేది అందుకే.

తేమ అడవుల్లో జలగలు, గడ్డి మైదానాల్లో పిడుదులు. రెంటికీ మందు వేరు. జలగ మీద ఉప్పు వేయడం, నిప్పు పెట్టడం చాలామంది చేస్తారు. అలా చేస్తే అది పొట్టలోది గాయంలోకే కక్కుతుంది. సన్నగా ఉండే కొస దాని నోరు. ఆ కొస పక్కన గోరు చర్మానికి ఆనించి అడ్డంగా జరిపితే పట్టు వదులుతుంది, తర్వాత లావు కొస వదిలించండి. రక్తం గడ్డకట్టకుండా చేసే పదార్థం దాని లాలాజలంలో ఉంటుంది కాబట్టి చాలాసేపు కారుతుంది, కంగారుపడక్కర్లేదు, శుభ్రం చేసి గాజుగుడ్డతో నొక్కి కట్టాలి. పిడుదుకైతే మొన సన్నగా ఉన్న ట్వీజర్లు కావాలి. కనుబొమలకి వాడే వెడల్పు మొనవి దాని పొట్టని నలిపేస్తాయి. చర్మానికి వీలైనంత దగ్గరగా తల దగ్గర పట్టి, మెలితిప్పకుండా, నిదానంగా నిట్టనిలువుగా లాగాలి. దోమల మందు డీట్ ఉన్నదైతే పౌచ్‌లో మాత్రం పెట్టకండి. అది కారితే ప్లాస్టిక్ కరుగుతుంది, ల్యాంప్ అద్దం మసకబారుతుంది. పికారిడిన్ ఉన్న దోమల మందు ప్లాస్టిక్‌ని పాడుచేయదు.

మందులు కొన్నే చాలు: నొప్పికీ జ్వరానికీ పారాసిటమాల్ 500 మిల్లీగ్రాములవి ఆరు, అలర్జీకి సెటిరిజైన్ 10 మిల్లీగ్రాములవి నాలుగు, ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు రెండు, వీటికి తోడు మీ సొంత మందులు. స్ట్రిప్పు కత్తిరించేటప్పుడు పేరూ గడువు తేదీ ఉన్న ముక్కే ఉంచుకోండి. పేరు లేని తెల్లమాత్ర రాత్రిపూట ఎవరికీ అక్కరకు రాదు. ఓఆర్‌ఎస్ ప్యాకెట్‌ని దాని మీద రాసినన్ని నీళ్లలోనే కలపాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం చేసిన 20.5 గ్రాముల ప్యాకెట్ ఒక లీటరుకి. అరలీటరులో మొత్తం పోసేస్తే ఉప్పు ఎక్కువై విరేచనాలు ఇంకా ముదురుతాయి.

నీటి మాత్రలు ఆరో ఎనిమిదో ఉంటే చోటేమీ తినవు. నీళ్లు మురికిగా ఉంటే ముందు గుడ్డతో వడగట్టాలి, లేకపోతే మందు ఆ మురికికే ఖర్చయిపోతుంది. క్లోరిన్ డయాక్సైడ్ మాత్రకి సాధారణంగా అరగంట ఆగాలి, క్రిప్టోస్పోరిడియం అనే పరాన్నజీవి చావాలంటే నాలుగు గంటల దాకా పడుతుంది. మాత్ర వేశాక మూత కాస్త వదులు చేసి సీసా వంచండి, మూత బిగించే మరల మీదుగా కొన్ని నీళ్లు కారాలి. ఆ మరల్లో మిగిలిన పచ్చి నీళ్ల చుక్కే పెదవికి తగులుతుంది, మిగతాదంతా సరిగ్గా చేసినా కడుపు చెడటానికి ఒక్కోసారి కారణం అదే.

నిప్పుకి చక్రం తిప్పే మామూలు లైటర్ మంచిది. బటన్ నొక్కితే వెలిగేవి ఎత్తైన చోట్ల తరచూ మొండికేస్తాయి. లైటర్‌లో ఉండే బ్యూటేన్ గ్యాసు సున్నా డిగ్రీల దగ్గర సరిగ్గా ఆవిరి కాదు, అందుకని చలిలో లైటర్‌ని లోపలి జేబులో ఒంటి వేడికి ఉంచుకోవాలి. పెట్రోలియం జెల్లీ పట్టించిన దూది ఉండలు నాలుగు ఉంటే తడి పుల్లలు కూడా అంటుకుంటాయి.

రేకు దుప్పటి 60 గ్రాములు కూడా ఉండదు, కానీ దాని మీద పెట్టుకునే ఆశ ఎక్కువ. అది ఒంటి వేడిని తిప్పికొడుతుంది, నేల లాగేసుకునే వేడిని ఆపలేదు. కింద ఎండుటాకులో, ఖాళీ బ్యాగో వేసుకుని కూర్చుంటేనే ఫలితం. ఒకసారి విప్పింది మళ్లీ మడిస్తే మడతల దగ్గర పూత రాలిపోతుంది, కొత్తది పెట్టుకోవడమే నయం. దానికి తోడు పెద్ద చెత్త కవరు ఒకటి ఉంటే గాలికీ వానకీ అడ్డు. మిగిలిన సందుల్లో పిన్నీసులు మూడు, పెద్ద కన్ను ఉన్న సూది, దారానికి బదులు డెంటల్ ఫ్లాస్, మూడు మీటర్ల సన్న తాడు. దిక్సూచి పెట్టేట్టయితే ఫోన్‌కీ అయస్కాంతపు మూతలకీ దూరంగా ఉంచాలి, ముల్లు తిరగబడి ఉత్తరం దక్షిణమైన సందర్భాలు ఉన్నాయి.

బస ఏదన్న దాన్నిబట్టి ఇందులోంచి కొన్ని తీసేయొచ్చు. రోడ్డు పక్క లాడ్జిలో రేకు దుప్పటి, నీటి మాత్రలు అక్కర్లేదు, కానీ ప్రథమ చికిత్స పెట్టె ఎక్కడుందో, రాత్రి దాని తాళం ఎవరి దగ్గరుంటుందో దిగగానే అడగాలి. పెట్టె ఉండి తాళం చెవి ఇంటికెళ్లిపోయే చోట్లు చాలా ఉంటాయి. గైడుతో వెళ్లే నడకల్లో అడగాల్సింది వేరు: కిట్ ముందు నడిచే మనిషి దగ్గరుందా, చివరి మనిషి దగ్గరుందా? గుంపు సాగిపోతే వెనకవాళ్లకి ముందున్న కిట్ అరగంట దూరం. సిగ్నల్ లేని చోట దేనిమీద కబురు పంపుతారో కూడా అడగండి. జవాబు నసిగితే ఒక్క వస్తువు కూడా తీయకుండా వెళ్లండి. టెంట్ క్యాంపులోనూ అంతే, మరుగుదొడ్డికి నడిచే ఆ యాభై అడుగులకీ పౌచ్ నడుముకే ఉండాలి.

విమానం మధ్యలో ఉంటే బ్లేడూ కత్తెరా చెక్-ఇన్ సామానులోకి, పవర్‌బ్యాంక్ కేబిన్‌లోకి. లైటర్ చెక్-ఇన్‌లో పెట్టకూడదు, కొన్నిచోట్ల కేబిన్‌లోకీ రానివ్వరు, దిగాక కొనుక్కోవడమే తేలిక.

తిరిగొచ్చిన రోజు రాత్రే పౌచ్ బోర్లించి దులపండి. జిప్పు పళ్లలో ఇసుకని పాత టూత్‌బ్రష్‌తో దులిపి, బ్యాటరీలు బయటికి తీసి, వాడిన టేపూ మాత్రలూ మళ్లీ నింపి, నోరు తెరిచి ఒక రోజంతా నీడలో ఆరబెట్టాలి.