గోడకు కన్నం పెట్టిన ఆరేళ్లకు: మా వంటింటి హుడ్

న్యూజెర్సీలో మేము ఇల్లు కొన్నప్పుడు గ్యాస్ స్టవ్ పైన ఒక మైక్రోవేవ్ వేలాడుతూ ఉండేది. దాని అడుగున ఫ్యానూ దీపమూ ఉన్నాయి కదా, పొగ సంగతి అదే చూసుకుంటుందని అనుకున్నాం. మొదటి పులిహోర తాలింపుకే దాని గుట్టు తెలిసిపోయింది. కింద పీల్చిన పొగను ఒక బొగ్గు ఫిల్టర్ గుండా తిప్పి, పై చీలికల్లోంచి వంట చేసేవారి ముఖం మీదికే ఊదుతుంది. బయటికి పోయే దారి అసలు లేదు. ఎండుమిరపకాయలు వేగితే చాలు, హాల్లో పొగ అలారం మోగేది. నరసరావుపేట నుంచి మా అమ్మ వచ్చి ఉన్న ఆరు నెలలూ వంట ఆవిడది, అలారం కింద నిలబడి తువ్వాలు విసరడం నాది. పిల్లల చలికోట్లు తగిలించే అర వంటింటి పక్కనే ఉంది. పిల్లలు ఇంగువ వాసనతో స్కూలు బస్సు ఎక్కుతున్నారని మా ఆవిడ దిగులు.

2019 అక్టోబరులో ఆ మైక్రోవేవ్ పీకేసి, దాని పైనున్న గోడ కేబినెట్ అడుగున, పొగను గొట్టం గుండా ఇంటి బయటికి తోసే 30 అంగుళాల హుడ్ బిగించాం, మన దగ్గర చిమ్నీ అంటామే అది. అది ఏ కంపెనీదో చెప్పను. చెప్పినా పెద్ద ఉపయోగం లేదు, ఎందుకంటే నాకు ఎదురైన తిప్పలన్నీ హుడ్ వల్ల కాదు, దాని వెనక గొట్టం వల్లా నా వల్లా వచ్చాయి.

ముందు కొలతల సంగతి. మా కేబినెట్ అడుగు నేల నుంచి 66 అంగుళాల ఎత్తులో ఉంది, స్టవ్ 36 అంగుళాలు. మధ్యలో మిగిలింది 30. గ్యాస్ స్టవ్‌కూ హుడ్‌కూ మధ్య కనీసం 24 అంగుళాల ఎడం ఉండాలని నేను కొనాలనుకున్న హుడ్లతో వచ్చే సూచనల పుస్తకాలన్నీ చెప్పాయి. అంటే హుడ్ మందం 6 అంగుళాలు దాటకూడదు. దుకాణంలో నా కన్ను పడినది 10 అంగుళాల మందం ఉన్న గట్టి సరుకు. అది బిగిస్తే ఇడ్లీ పాత్ర మూత ఎత్తినప్పుడల్లా హుడ్‌కు తగిలేది. మనసు చంపుకుని పలచటిది తీసుకున్నాను.

గాలి లాగే శక్తి విషయంలోనూ ఆశ తగ్గించుకున్నాను. ఇక్కడ దాన్ని సీఎఫ్‌ఎం అంటారు, అంటే నిమిషానికి ఎన్ని ఘనపుటడుగుల గాలి అని. హైదరాబాద్‌లో మా అక్క ఇంట్లో చిమ్నీ మీద గంటకు 1200 ఘనపు మీటర్లు అని ఉంటుంది, ఈ లెక్కలో అది దాదాపు 700 సీఎఫ్‌ఎం. నేను 400 దగ్గర ఆగిపోయాను. అమెరికాలో చాలా రాష్ట్రాలు అనుసరించే ఇళ్ల నిర్మాణ నియమావళి ప్రకారం, ఇంటి గాలినే వాడుకుని మండి సహజంగా పైకి పొగ వదిలే గ్యాస్ పరికరం ఇంట్లో ఉంటే, 400 దాటిన హుడ్‌కు తోడుగా బయటి గాలి లోపలికి వచ్చే ఏర్పాటు కూడా చేయాలి. మా బేస్‌మెంట్‌లో, అంటే ఇంటి నేలకింది గదిలో, నీళ్లు కాచే గ్యాస్ హీటర్ అటువంటిదే. ఆ హీటర్ కథ మళ్లీ వస్తుంది.

బిగించే పనికి మా బావమరిది వచ్చాడు. ఇద్దరికీ ఇది మొదటిసారి. స్టవ్ బయటి గోడకే ఆని ఉండటం మా అదృష్టం, గొట్టం పొడవు మూడడుగులు దాటలేదు. హుడ్ వెనక నుంచే నేరుగా గోడలోకి దీర్ఘచతురస్రపు గొట్టం పెడదామనుకున్నాం. గోడ తట్టి చూస్తే సరిగ్గా నడిమధ్యలో ఒక నిలువు కర్ర ఉంది. స్టడ్ అంటారు ఇక్కడ, ఇల్లు నిలబడేదే వాటి మీద. దాన్ని కోసే సాహసం చేయలేదు. ఆరంగుళాల గుండ్రటి గొట్టాన్ని కేబినెట్ అడుగు గుండా పైకి తీసి, కేబినెట్ లోపలే ఒక ఎల్బో, అంటే గొట్టాన్ని మలుపు తిప్పే ముక్క, వేసి, కర్రకు నాలుగంగుళాల పక్కగా గోడ దాటించాం. దీనితో ఆ కేబినెట్‌లో సగం పోయింది. కందిపప్పు, మినప్పప్పు డబ్బాలు ఊరు మారాయి. ఫ్యాన్ నుంచి బయటికొచ్చిన గాలి కొంతదూరం తిన్నగా పోయాక మలుపు తిరిగితే మంచిదట, మా కేబినెట్ ఎత్తే 15 అంగుళాలు కాబట్టి ఆ భాగ్యం లేదు. పెద్ద వేగంలో వచ్చే హోరులో సగం ఆ ఎల్బో చలవే.

పుస్తకంలో లేనిది, మాకు సగం పూట తినేసినది ఇంకొకటి ఉంది. గోడ కేబినెట్ల అడుగు పలక అంచుకంటే కాస్త పైకి లోతుగా ఉంటుంది. హుడ్‌ను అలాగే బిగిస్తే మధ్యలో సందు మిగిలి, స్క్రూ బిగించేకొద్దీ రేకు వంగుతుంది. ఆ లోతుకు సరిపోయే చెక్క పట్టీలు కోసి ముందుగా అంటించాలి. పైగా ఆ పలక రంపపు పొట్టుతో చేసిన బోర్డు, బరువు మోసే స్క్రూ అందులో నిలవదు. లోపలి నుంచి ప్లైవుడ్ ముక్క వేసి దానికి బిగించాం. ఆరేళ్లయినా హుడ్ వెంట్రుకవాసి కిందికి జారలేదు.

గోడకు రంధ్రం చేసేటప్పుడు మాత్రం చేతులు వణికాయి. లోపలి నుంచి సన్నటి పొడవాటి డ్రిల్లుతో మొదట చిన్న బెజ్జం పెట్టి, బయటికెళ్లి అది ఎక్కడ తేలిందో చూసి, ఆ గురుతు చుట్టూ వృత్తం గీసి కోశాం. మా ఇంటి బయటి గోడకు ప్లాస్టిక్ పలకల తొడుగు (సైడింగ్) కాబట్టి సులువుగా తెగింది, ఇటుక గోడ అయి ఉంటే మనిషిని పిలిచేవాణ్ణి. కరెంటు పని లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్ చేత చేయించాం. హుడ్‌కు 300 డాలర్లు, గొట్టం సామగ్రికి 120, ఎలక్ట్రీషియన్‌కు 200 అయ్యాయి.

అంతా అయ్యాక స్విచ్చి వేస్తే హోరు ఘనంగా ఉంది, పొగ మాత్రం కదలలేదు. వారం రోజులు కంపెనీని తిట్టుకున్నాను. తీరా విప్పి చూస్తే తప్పు నాదే. గొట్టాన్ని హుడ్ మూతికి అతికించేటప్పుడు నేను వేసిన ఒక స్క్రూ మొన లోపలికి పొడుచుకొచ్చి, గాలి తోసినప్పుడు తెరుచుకోవలసిన రెక్కకు అడ్డం పడింది. రెక్క పావు వంతే తెరుచుకుంటోంది. ఆ స్క్రూ తీసి, అతుకు చుట్టూ అల్యూమినియం టేపు వేశాక టిష్యూ కాగితం ఫిల్టర్‌కు చప్పున అంటుకుంది. గుడ్డ టేపు వాడకండి, వేడికి ఎండి ఊడిపోతుంది. ముడతలు పడి సాగే పలచటి గొట్టం కూడా వద్దు, ఆ ముడతల్లో జిడ్డు చేరుతుంది, గాలి తడబడుతుంది. మా అక్క వాళ్ల చిమ్నీకి అటువంటి గొట్టమే బాల్కనీ దాకా మూడు వంపులు తిరిగి వెళ్తుంది. పేరుకు 1200 అయినా మా పలచటి హుడ్ దానికంటే బాగా లాగుతుందని నా గట్టి నమ్మకం. అక్క ఒప్పుకోదు.

ఇప్పుడు హీటర్ కథ. పెట్టిన తొలి శీతాకాలంలో ఒక ఆదివారం కిటికీలన్నీ మూసి, హుడ్ పెద్ద వేగంలో పెట్టి, బట్టలారబెట్టే యంత్రం కూడా నడుపుతూ బేస్‌మెంట్‌లోకి దిగాను. పూజ గదిలోంచి ఒక అగరుబత్తి వెలిగించి తెచ్చి, మండుతున్న హీటర్ పైన పొగగొట్టం మొదలయ్యే చోట పట్టుకున్నాను. పొగ గొట్టంలోకి పైకి పోవాలి. పోలేదు, నా వైపుకు తిరిగింది. అంటే హుడ్ ఇంట్లోంచి లాగే గాలికి బదులుగా హీటర్ పొగ వెనక్కి వస్తోందన్నమాట, అందులో కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు ఉండవచ్చు, దానికి రంగూ వాసనా ఉండవు. నియమం 400 దాటితేనే అంటుంది, 400 లోపైతే నిశ్చింత అని నేనే అర్థం చేసుకున్నాను. వంటింటికి ఎదురు గదిలో కిటికీ రెండంగుళాలు తెరిచి మళ్లీ పట్టుకుంటే పొగ బుద్ధిగా పైకి పోయింది. ఆ రోజు నుంచి హుడ్ పెద్ద వేగంలో ఉంటే ఆ కిటికీ తెరిచి ఉండాలి, బట్టల యంత్రం ఆగి ఉండాలి. బేస్‌మెంట్‌లో ఒకటి, పడకగదుల దగ్గర ఒకటి కార్బన్ మోనాక్సైడ్ అలారం పెట్టాం. ఇంట్లో ఇటువంటి హీటర్ ఉన్నవాళ్లు మరేం చేయకపోయినా ఈ అగరుబత్తి పరీక్ష చేయండి.

జనవరిలో మరో వింత. సాంబారు మరుగుతుండగా హుడ్ లోంచి పసుపురంగు చుక్కలు స్టవ్ మీద పడ్డాయి. ఆవిరి గోడలోని చల్లటి గొట్టానికి తగిలి నీరై, జిడ్డును కూడా వెంటబెట్టుకుని వెనక్కి కారుతోంది. గొట్టం బయటి వైపుకు కొద్దిగా వాలుగా ఉండాలి, మేము మట్టంగా పెట్టాం. ఎల్బో సడలించి వాలు ఇచ్చి, కేబినెట్ లోపలున్న గొట్టం భాగానికి చలి సోకకుండా ఇన్సులేషన్ చుట్టాను. వంట అయ్యాక కూడా పది నిమిషాలు చిన్న వేగంలో తిరగనిస్తున్నాం. చుక్కలు ఆగిపోయాయి.

2022 మేలో పెళ్లికి మూడు వారాలు ఇండియా వెళ్లి వచ్చేసరికి హుడ్ లోంచి కిచకిచలు. గొట్టం బయటి చివరనున్న మూత రెక్కను ఎత్తుకుని పిట్టలు గూడు పెట్టేశాయి. పిల్లలున్న గూడు తీయడానికి మనసొప్పలేదు. నెల్లాళ్లు హుడ్ ముట్టుకోలేదు, మా పొగ అలారానికి పాత రోజులు తిరిగొచ్చాయి. అవి ఎగిరిపోయాక గొట్టం శుభ్రం చేసి, మూతకు బయట పంజరం లాంటి తీగల బుట్ట బిగించాను. మూత లోపల సన్నటి జాలీ పెట్టవద్దు, జిడ్డుతో పూడిపోతుంది.

రోజువారీ వాడకంలో నేర్చుకున్నది కొంచెమే. హుడ్ ముందు అంచు స్టవ్ ముందరి పొయ్యిల దాకా పూర్తిగా రాదు. కాబట్టి తాలింపులు, వేపుళ్లు, దోసెపెనం వెనక పొయ్యి మీదికి వెళ్లాయి, ముందరి పొయ్యి పాలకూ అన్నానికీ. ఆవాలు చిటపటలాడాక స్విచ్చి వెతుక్కుంటే ఆలస్యమే, నూనె పోసేటప్పుడే వేయాలి. తాకితే పనిచేసే మీటల కంటే నొక్కే మీటలు తీసుకోవడం మంచిదైంది, నూనె చేతులతో కూడా పనిచేస్తాయి. అల్యూమినియం జాలీ ఫిల్టర్లను ఒకసారి డిష్‌వాషర్‌లో వేస్తే నల్లబడ్డాయి, లాగడంలో తేడా రాలేదు. ఇప్పుడు నెలకోసారి వేడినీళ్లలో వంటసోడా, గిన్నెల సబ్బు వేసి అరగంట నానబెడుతున్నాం. నాలుగో ఏట కొత్త జత కొన్నాం.

అలారం ఇప్పుడు ఏడాదికి రెండు మూడు సార్లకు మించి మోగదు. ఎండుచేపల వాసన మాత్రం ఏ హుడ్‌కూ లొంగదు, అది పెరట్లో ఒంటి పొయ్యి మీదే. చలికోట్ల అరలో ఇంగువ వాసన పోయింది. మా అమ్మ మాత్రం పెద్ద వేగంలో తన మాట తనకే వినపడటం లేదని ఒక మెట్టు తగ్గిస్తుంది, నేను వెళ్లి పెంచుతాను, ఆవిడ మళ్లీ తగ్గిస్తుంది.

ఈ మధ్య నడిమి వేగంలో గరగర మొదలైంది. ఫ్యాన్ చక్రం రెక్కలకు ఒకవైపు జిడ్డు ఎక్కువ పేరుకుని బరువు సమంగా లేకపోవడమే కారణం. తుడిస్తే సగం తగ్గింది. మోటారు విడిగా దొరుకుతుందని తెలిసింది కాబట్టి, దాని నంబరు ఒక చీటీ మీద రాసి, ఒకప్పుడు కందిపప్పు డబ్బా ఉన్న చోట, కేబినెట్ తలుపు లోపలి వైపు అంటించాను.