సైట్ ఇంజినీరా, డిజైన్ ఇంజినీరా?

సివిల్‌లో బీటెక్ అయ్యాక చాలామందిని తికమక పెట్టే ప్రశ్న ఇది.

డిజైన్ ఆఫీసులో రోజంతా ఈట్యాబ్స్, స్టాడ్ ప్రో లాంటి సాఫ్ట్‌వేర్ల ముందే కూర్చోవాలి. బిల్డింగ్ సొంత బరువు, అందులో ఉండే మనుషుల, సామాన్ల బరువు, గాలి, భూకంపం లెక్కగట్టి, కాంక్రీటు కట్టడాలకి భారత ప్రమాణమైన ఐఎస్ 456 ప్రకారం ఏ కాలమ్‌కి ఎంత స్టీలు కావాలో తేల్చాలి. ఇందులో లోతుగా వెళ్లాలంటే స్ట్రక్చరల్‌లో ఎంటెక్ చేయడం మేలు.

సైట్‌లో పని వేరు. స్లాబు వేసే ముందు సెంట్రింగ్ గట్టిగా ఉందా, కడ్డీలు సెంట్రింగ్‌కి ఆనకుండా కింద కవర్ బ్లాకులు (చిన్న దిమ్మెలు) పెట్టారా, కాలమ్ రింగులు డ్రాయింగ్‌లో చెప్పిన దూరంలోనే కట్టారా అని ఒక్కొక్కటీ చూడాలి. కాంక్రీటు రాగానే స్లంప్ (అది ఎంత జారుగా ఉందో) చూసి, దానితో 150 మి.మీ. క్యూబులు పోయించి, 28 రోజులకి బలం పరీక్ష చేయించాలి. పని సులువవుతుందని ఎవరైనా కాంక్రీటులో అదనంగా నీళ్లు పోయబోతే ఆపాల్సిందీ సైట్ ఇంజినీరే, ఎందుకంటే నీళ్లు ఎక్కువైతే బలం తగ్గిపోతుంది. ఏళ్ల అనుభవమున్న మేస్త్రీకి గొడవ లేకుండా నచ్చజెప్పడం ఏ కాలేజీలోనూ నేర్పరు. ఎండ, కూలీల లెక్కలు, రాత్రిపూట కాంక్రీటింగ్, వీటితో టెన్షన్ ఎక్కువే.

జీతం రెండిట్లోనూ కంపెనీని బట్టి ఉంటుంది. నన్నడిగితే, డిజైన్ ఇష్టమున్నవాళ్లు కూడా ముందు ఒకట్రెండేళ్లు సైట్‌లో పనిచేయాలి. బీమ్, కాలమ్ కలిసేచోట కడ్డీలు మరీ ఒత్తుగా ఉంటే కాంక్రీటు లోపలికి దిగక గుల్లలు పడతాయి. అది కళ్లారా చూసినవాళ్లు కాంక్రీటును కుదిపి లోపలికి దించే వైబ్రేటర్ సూది దూరేంత సందు ఉండేలా డిజైన్ చేస్తారు.