ట్రెక్కింగ్ పోల్స్: ఎక్కడానికి కాదు, దిగడానికి

వైజాగ్ ద్వారకానగర్‌లో ఒక స్పోర్ట్స్ షాపులో ఈ అల్యూమినియం పోల్స్, అంటే కొండల్లో నడిచేటప్పుడు ఊతగా పట్టుకునే కర్రలు, జత 1,300 రూపాయలకి తీసుకున్నాను. బ్రాండ్ పేరు రాయడం లేదు, ఇలాంటివే నాలుగైదు పేర్లతో అమ్ముతున్నారు. నాకు యాభై దాటాయి, మోకాళ్లు అంతంతమాత్రం. సింహాచలం చందనోత్సవం అయ్యాక ముదిరే ఎండల్లో మాధవధార మెట్లదారిలోనూ, కంబాలకొండ కాలిబాటల్లోనూ వీటిని బాగానే వాడాను.

ఎక్కేటప్పుడు పెద్దగా ఒరిగేదేం లేదు. రెండు చేతులూ కర్రలకే పోతాయి, నీళ్ల సీసా తీయాలన్నా ఆగాల్సిందే. అసలే మన వైజాగ్ ఉక్కకి చెమట ఆరదు, చేతులకీ పని పెడితే ఇంకా కారుతుంది. అందుకే ఎక్కేటప్పుడు ఒకటే పట్టుకుని రెండోది బ్యాగుకి కట్టేస్తాను.

దిగేటప్పుడు చూడాలి వీటి పనితనం. మన కొండల్లో ఎక్కువగా కనిపించే ఖోండలైట్ రాయి ఎండకీ వానకీ చివికి ఎర్ర గ్రావెల్ అయిపోతుంది. వానలప్పుడు తడికి అణిగి ఉంటుంది. మే నెలలో మాత్రం శనగలు ఒలకబోసిన గచ్చు మీద నడిచినట్టే. దాని మీద ఎండుటాకులు కప్పితే కింద ఏముందో కూడా తెలీదు. అక్కడ కర్రని ఒకడుగు ముందు గుచ్చి, కాస్త బరువు వేసి చూసి, ఆ తర్వాత కాలు పెట్టాలి. లోహపు మొన గ్రావెల్‌ని తొలుచుకుని కింద గట్టినేలని పట్టుకుంటుంది. మోకాళ్ల మీద పడే బరువులో కొంత చేతులు పంచుకుంటాయి. మర్నాడు మా అపార్ట్‌మెంట్ మెట్లు రెయిలింగ్ పట్టుకోకుండా దిగాను, అది చాలు నాకు.

ఈ సంగతులు షాపులో ఎవరూ చెప్పరు. మొన నేలకి ఆనినప్పుడు మోచేయి ఎల్ ఆకారంలో వంగితే పొడవు సరిపోయినట్టు. ఎక్కేటప్పుడు కాస్త తగ్గించుకోవాలి, దిగేటప్పుడు పెంచుకోవాలి. పిడికున్న పట్టీలోకి చేతిని కింది నుంచి పైకి పోనిచ్చి, ఆ పట్టీతో కలిపి పిడి పట్టుకుంటే బరువు మణికట్టు మీదకి వెళ్తుంది, వేళ్లు బిగించి పట్టుకోనక్కర్లేదు. మొనకి తొడిగే రబ్బరు టోపీ మట్టి మీద తీసేయాలి, రాతి మెట్ల మీద తొడగాలి. లేకపోతే టకటకమని చప్పుడు, పైగా జారుడు.

ఇక అసలు కంప్లయింటు. ఇది ఒకదాంట్లో ఒకటి దూరే ముక్కల్ని తిప్పి బిగించే రకం. కంబాలకొండలో నిటారుగా ఉన్నచోట బరువు వేయగానే కర్ర జానెడు లోపలికి దిగిపోయింది. మా వదిన వెనక నుంచి రెక్క పట్టుకుంది కాబట్టి సరిపోయింది. షాపుకి తీసుకెళ్తే, "ఏటీ కాదు మేడం, గట్టిగా తిప్పేస్తే సరిపోద్ది" అన్నాడా అబ్బాయి. చెమట చేతులతో ఎంత గట్టిగా తిప్పుతాం బాబూ? విప్పి చూస్తే లోపలంతా ఎర్రటి దుమ్ము, బిగింపు పట్టుకోకపోవడానికి అదే కారణం. కొండ నుంచి వచ్చాక ముక్కలు విడదీసి పొడిగుడ్డతో తుడుస్తున్నాను, అప్పట్నుంచీ ఫర్వాలేదు. నూనె మాత్రం రాయకండి, ఇంకా జారుతుంది. మళ్లీ కొంటే క్లిప్పు నొక్కితే బిగుసుకునే రకమే కొంటాను, నాలుగైదు వందలు ఎక్కువైనా సరే.

పిడి ఫోమ్‌ది. చేయి కమలదు, కానీ చెమట పీల్చి తెల్లటి ఉప్పు చారలు కడుతుంది, వాసన కూడా. కడిగి నీడలో ఆరబెట్టుకోవాలి.

ఐదుకి మూడు స్టార్లు. అన్నట్టు, ఒక రబ్బరు టోపీ ఎక్కడో ఊడి పడిపోయింది. విడిగా అమ్మరట, జతే కొనాలట! మెడికల్ షాపులో ఊతకర్ర బుష్ తెచ్చి తొడిగి చూశాను, వదులుగా ఉంది. సరిపడే సైజు ఊళ్లో ఎక్కడ దొరుకుతుందో తెలిస్తే చెప్పండి.