ఎయిర్ రైఫిల్‌కు గాలి నింపడం: చేతి పంపా, పెద్ద సిలిండరా, కంప్రెసరా?

మా అమ్మాయి 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ షూటింగ్ మొదలుపెట్టి నాలుగేళ్లయింది. మొదటి ఏడాది మోచేతి నొప్పి వచ్చింది తనకు కాదు, నాకు. రైఫిల్ పట్టుకునేది తను, గుండును తోసే గాలిని దాని సిలిండర్లోకి పంపుతో కొట్టేది నేను. రెండో ఏడాది "నేను కొట్టుకుంటాలే నాన్నా" అని పంపు తను తీసుకుంది. నాకు నొప్పి తగ్గింది, తనకు స్కోరు తగ్గింది. కారణం తెలియక రెండు నెలలు బుర్ర పగలగొట్టుకున్నాం. చివరికి కోచ్ గారు "పొద్దున ఇంట్లో ఏం చేసి వస్తున్నావమ్మా?" అని అడిగితే తేలింది. రేంజ్‌కి బయల్దేరే ముందు అరవై సార్లు పంపు కొట్టి వస్తోంది.

ఈ ఆటలో పది పాయింట్ల చుక్క వెడల్పు అర మిల్లీమీటరు. పది మీటర్ల అవతల ఉంటుంది. రైఫిల్ బరువు ఐదున్నర కిలోల దాకా ఉండొచ్చు. మ్యాచ్‌లో 60 షాట్లు, గంటంపావు టైము. అలసిన ముంజేతిలో వణుకు కంటికి కనిపించేంత ఉండదు గానీ, అర మిల్లీమీటరు తప్పించడానికి ఆ కాస్త చాలు. అందుకే గాలి ఎలా నింపాలన్నది మా ఇంట్లో పెద్ద చర్చ అయింది.

గాలి గొడవే లేని రైఫిల్ కొనొచ్చు కదా అంటారు. బ్యారెల్ వంచి స్ప్రింగ్ ఎక్కించే రకం అది. ఖర్చు తక్కువ, సరదాకు బాగుంటుంది. కానీ ప్రతి షాట్‌కీ ఒకే చేత్తో గట్టిగా లాగాలి. అరవై షాట్లకు అరవై సార్లు, ముందు వేసుకునే ట్రయల్ షాట్లు అదనం. అన్నీ ఒకే భుజం మీద పడతాయి. పైగా స్ప్రింగ్ వదిలినప్పుడు రైఫిల్ కుదుపుతుంది. రోజూ ప్రాక్టీసు చేసే పిల్లలకు నేనైతే వద్దంటాను.

ఇక చేతి పంపు. చూడ్డానికి సైకిల్ పంపులాగే ఉంటుంది గానీ పని వేరు. కారు టైరులో రెండు బార్ల (బార్ అంటే గాలి ఒత్తిడికి కొలత) పైచిలుకు గాలి ఉంటే, ఈ సిలిండర్లో 200 బార్లు పట్టాలి. (పక్క ఫ్లాట్ బాబాయ్ గారు "సందు చివర పంక్చర్ షాపులో కొట్టించెయ్యరాదూ" అన్నారు. ఆ షాపు మిషన్ పది బార్ల దగ్గరే ఆగిపోతుంది.) పూర్తిగా ఖాళీ అయిన సిలిండర్ నింపాలంటే వందల సార్లు కొట్టాలి. చివర్లో హ్యాండిల్ మీద మనిషి బరువంతా పడితే గానీ కిందికి దిగదు. అదే రోజుకు అరవై షాట్లు కొట్టి, తగ్గినంత వరకే నింపుకుంటే మాకు యాభై అరవై సార్లతో అయిపోయేది. ఖాళీ అయ్యేదాకా ఆగి ఆదివారం మొత్తం ఒకేసారి కొట్టడమే నేను చేసిన మొదటి పొరపాటు.

రెండోది, చేతులతో నొక్కడం. నా మోచేయి చూసిన ఫిజియోథెరపిస్టు పంపు ఇంటి నుంచి తెమ్మని, తన ముందు కొట్టించారు. చూసి నవ్వారు. రోట్లో పచ్చడి దంచినట్టు ముంజేతులతో పొడుస్తున్నానట. ఆయన నేర్పింది ఇదీ: పాదాలు పంపు అడుగున ఉండే పలక మీద గట్టిగా ఆనించాలి. కిందికి దించేటప్పుడు మోచేతులు దాదాపు నిటారుగా ఉంచి, మోకాళ్లు వంచుతూ ఒంటి బరువు హ్యాండిల్ మీదికి వదలాలి. నడుము వంచకూడదు. మణికట్టు మడత పడకూడదు, పిడికిలి బిగించకూడదు, అరచేతి మొదలుతో నొక్కాలి. పైకి లాగేటప్పుడు కాళ్లతో లేవాలి. కింద ఒక క్షణం, పైన ఒక క్షణం ఆగాలి. ముప్ఫై నలభై సార్లకు పది నిమిషాలు విరామం. ఆ విరామం చేతులకే కాదు, పంపుకీ అవసరమే. వేడెక్కితే లోపలి వాషర్లు పాడవుతాయి.

అన్నిటికన్నా పనికొచ్చిన మార్పు మాత్రం టైము మార్చడం. అప్పటి నుంచి పంపు కొట్టడం ప్రాక్టీసు అయ్యాక, సాయంత్రానికి మార్చాం. మ్యాచ్ రోజున తను పంపు ముట్టుకోదు.

పెద్ద సిలిండర్ సంగతి. సముద్రంలో డైవింగ్ చేసేవాళ్లు వీపున కట్టుకునే రకం తెచ్చుకుని, దాన్నుంచి రైఫిల్ సిలిండర్‌కి గొట్టం తగిలించి నెమ్మదిగా వాల్వు తిప్పితే చాలు. చేతికి శ్రమ సున్నా. కానీ 200 బార్ల సిలిండర్ అయితే మొదటిసారే దాదాపు నిండుగా ఎక్కుతుంది, ఆ తర్వాత ప్రతిసారీ కాస్త కాస్త తగ్గుతూ పోతుంది. 300 బార్లది అయితే ఆ బాధ తక్కువ. దాన్ని మళ్లీ నింపించుకోవాలంటే అంత ఒత్తిడి ఇచ్చే కంప్రెసర్ ఉన్న చోటు వెతుక్కోవాలి. ఐదేళ్లకోసారి పరీక్ష చేయించాలి. మేముండేది బెజవాడ పటమటలో లిఫ్టు లేని మూడో అంతస్తు. పదిహేను కిలోల ఉక్కు సిలిండర్ మోస్తూ మెట్లెక్కితే, మోచేతి నొప్పి నడుముకు మార్చుకున్నట్టే.

ఇక్కడో హెచ్చరిక. వెల్డింగ్ షాపు ఆక్సిజన్ సిలిండర్ నుంచి నింపుకోవచ్చని ఎవరో సలహా ఇచ్చారు. ఆ పని చచ్చినా చేయకండి. అంత ఒత్తిడిలో ఆక్సిజన్‌కి కాస్త నూనో గ్రీజో తగిలితే పేలుతుంది. మామూలు గాలి తప్ప ఇంకేదీ వద్దు.

చిన్న ఎలక్ట్రిక్ కంప్రెసర్ హాయిగానే ఉంటుంది. కొన్ని నిమిషాల్లో పని పూర్తి. ఖరీదు చేతి పంపుకు చాలా రెట్లు. చప్పుడు మధ్యాహ్నం పడుకున్న ఇల్లంతా లేచేంత. బెజవాడలో దీనికి ఇంకో చిక్కు తేమ. గాలిని 200 రెట్లు కుదిస్తే అందులో ఉన్న తేమంతా నీళ్లయి బయటపడుతుంది. కృష్ణ ఒడ్డున వానాకాలం గాలి సంగతి చెప్పాలా? ఫిల్టర్లో నీళ్లు మాటిమాటికీ వదలాలి, లేకపోతే అవి రైఫిల్ సిలిండర్లోకి చేరతాయి. చేతి పంపుకీ ఈ బెడద ఉంది గానీ, మధ్యలో ఆగుతూ కొడితే తక్కువ. రోహిణి కార్తెలో అయితే కంప్రెసర్ కూడా మనలాగే పది నిమిషాలకే ఆయాసపడుతుంది. పొద్దున ఆరు గంటల లోపు నింపుకోవడం మంచిది.

ఏ పద్ధతైనా ముందు సిలిండర్ మీద తయారీ తేదీ చూడండి. చాలా మ్యాచ్ రైఫిళ్ల సిలిండర్లకు పదేళ్లే గడువు.

నన్నడిగితే, ఇంట్లో ఒక్కరే షూటర్, రోజుకు అరవై షాట్లలోపు అయితే చేతి పంపు చాలు. షూటర్ కాక ఇంకొకరు కొడితే మరీ మంచిది. ఇద్దరు పిల్లలుంటే, లేదా కొట్టేవాళ్లకు ముందే భుజం, మోచేయి సమస్య ఉంటే కంప్రెసర్. పెద్ద సిలిండర్ అయితే, కింది అంతస్తులో ఉండి, నింపించే చోటు దగ్గరున్నవాళ్లకే.

మేము చివరికి గుణదలలో ఇంకో షూటర్ వాళ్ల ఇంట్లోవాళ్లతో కలిసి కంప్రెసర్ కొన్నాం. వాళ్లది కింది ఇల్లు కాబట్టి మిషన్ వాళ్ల వరండాలో ఉంటుంది. ఆదివారం పొద్దున్నే వెళ్లి రెండు సిలిండర్లు నింపుకొస్తాం. వాళ్లావిడ ఇచ్చే కాఫీ కోసం నేను ప్రతిసారీ పావుగంట ముందే చేరుకుంటాను. చేతి పంపు మాత్రం అమ్మలేదు. ఊరి బయట పోటీలకు వెళ్తే అదే దిక్కు. రైల్లో దాన్ని బ్యాగు అడుగున పెట్టుకుని, ఇదేమిటని అడిగిన ప్రతివాళ్లకూ సైకిల్ పంపని చెప్తుంటాను.