కాలవ నీళ్లా, బోరు నీళ్లా, సాఫ్ట్‌నరా: గీజర్‌కీ వాషింగ్ మెషిన్‌కీ ఏది మేలు?

మా గీజర్ మూడేళ్లకే కారడం మొదలెట్టింది. మెకానిక్ కాయిల్ బయటికి లాగితే గుడ్డు పెంకులు అతికించినట్టు తెల్లగా సున్నం. ట్యాంకుని తుప్పు నుంచి కాపాడే యానోడ్ రాడ్ ఉండాల్సిన చోట సన్నటి తీగ మిగిలింది. "బోరు నీళ్లే కదండీ?" అన్నాడు. భీమవరం చుట్టుపక్కల అది అడగక్కర్లేని ప్రశ్న. పాలకొల్లులో మా బావ ఇంట్లో కాలవ నీళ్ల మీద నడిచే గీజర్‌కి తొమ్మిదో ఏడు, ఒక్క కాయిల్ మార్చారంతే.

మన బోరు నీళ్లలో రెండు రోగాలు కలిసి ఉంటాయి. అందరూ ఒకటే అనుకుంటారు. మొదటిది కఠినత్వం, అంటే కాల్షియం, మెగ్నీషియం. నీళ్లు వేడెక్కగానే కాల్షియం బైకార్బొనేట్ సున్నపు రాయిగా మారి కాయిల్‌కి అతుక్కుంటుంది. ఆ పొర దాటి వేడి తేలిగ్గా నీళ్లకి అందదు, కాయిల్ తనలో తానే కాలిపోతుంది. రెండోది ఉప్పు. సముద్రం దగ్గరపడేకొద్దీ, రొయ్యల చెరువులు పెరిగేకొద్దీ ఇది ఎక్కువ. ఉప్పులోని క్లోరైడ్ ఇనుమునీ అల్యూమినియాన్నీ తినేస్తుంది. ట్యాంకు బదులు తాను కరిగిపోవడానికే యానోడ్ రాడ్ పెడతారు. ఉప్పు నీళ్లలో అది ముందే అయిపోతుంది, తర్వాత వంతు ట్యాంకుదే.

సాఫ్ట్‌నర్, అంటే నీళ్ల కఠినత్వం తీసే యంత్రం, అమ్మడానికి వచ్చినతను ఈ రెండో సంగతి ఎత్తనే లేదు. సాఫ్ట్‌నర్‌లోని రెసిన్ గుళికలు కాల్షియం, మెగ్నీషియం పట్టుకుని బదులుగా సోడియం వదులుతాయి. కాబట్టి సున్నం ఆగుతుంది, సబ్బు నురగ వస్తుంది. క్లోరైడ్ మాత్రం ఎక్కడికీ పోదు. నీళ్లలో కరిగిన లవణాలెన్నో చూపే టీడీఎస్ మీటర్ పెట్టి చూసినా అంకె దాదాపు అంతే ఉంటుంది. పైగా రెసిన్ కడగడానికి ఉప్పు కొని పోస్తూ ఉండాలి. ఉప్పు నీళ్లతో ఏడ్చేవాళ్లం మళ్లీ ఉప్పు కొనడమేమిటో! తణుకు వైపు లాగా నీళ్లు కఠినమే గానీ ఉప్పగా లేని ఇళ్లలో సాఫ్ట్‌నర్ బాగా పనికొస్తుంది. మొగల్తూరు, నరసాపురం వైపు చప్పరిస్తేనే ఉప్పు తెలిసే బోరుకి అది సగం మందే. ఇల్లంతటికీ ఆర్వో పెట్టడం ఇంకా దండగ, చాలా నీళ్లు వృథాగా బయటికి పోతాయి.

తాగే నీటికి కఠినత్వం లీటరుకి 200 మిల్లీగ్రాముల లోపు ఉండాలని బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) ప్రమాణం, వేరే దిక్కు లేకపోతే 600 దాకా. అది తాగే నీటికి పెట్టిన లెక్క, కాయిల్ దాన్ని ఒప్పుకోదు.

కాలవ నీళ్లకీ లోపం ఉంది, బురద. గోదావరికి ఎర్రనీరు వచ్చే రోజుల్లో వాషింగ్ మెషిన్ పైపు మొదట్లో ఉండే చిన్న జాలీ మూసుకుపోయి, నీళ్లు రావట్లేదని మెషిన్ మొరాయిస్తుంది. ఆ జాలీ విప్పి పాత టూత్‌బ్రష్‌తో రుద్దడం ఐదు నిమిషాల పని. ట్యాంకు దిగువన మామూలు మడ్డి ఫిల్టర్ పెట్టుకుంటే అదీ తగ్గుతుంది. బోరు నీళ్లు చేసే చేటు అలా కాదు. ఫ్రంట్ లోడ్ మెషిన్‌లో డ్రమ్ము వెనక దాన్ని పట్టి ఉంచే అల్యూమినియం కాళ్లు ఉంటాయి, అవి తుప్పు తిని విరిగేదాకా బయటికి కనపడవు. డ్రమ్ము గడగడలాడినప్పుడే తెలిసేది.

వేసవిలో కాలవలు కట్టేస్తే ఏం చెయ్యాలని మా ఆవిడ అడిగింది. మే నెలలో గీజర్ వేసేదెవరు? మిగిలేది వాషింగ్ మెషిన్. ఆ నెలన్నర చన్నీళ్ల ప్రోగ్రామే పెట్టి, సర్ఫ్ కాస్త ఎక్కువేసి, నెలకోసారి నిమ్మఉప్పుతో ఖాళీ మెషిన్ వేడినీళ్ల మీద తిప్పితే సరిపోతుంది.

అందుకే నా ఓటు కాలవ నీళ్లకే. మేం మేడ మీద 500 లీటర్ల చిన్న ట్యాంకు విడిగా పెట్టించి, కాలవ నుంచి వచ్చే కొళాయి నీళ్లు అందులోకి ఎక్కించి, గీజర్‌కీ మెషిన్‌కీ మాత్రమే లైను లాగించాం. బోరు మరుగుదొడ్లకీ పెరట్లో అంట్లకీ. గీజర్ థర్మోస్టాట్ 75 డిగ్రీల నుంచి 55కి దించాం, ఎందుకంటే వేడి పెరిగేకొద్దీ సున్నం పట్టేదీ ఎక్కువే. యానోడ్ రాడ్ ఏడాదికోసారి విప్పి చూడమని మెకానిక్ చెప్పాడు. మొన్న సంక్రాంతికి చూస్తే ఇంకా వేలు లావు ఉంది.