యంత్రంతో చదరంగం: బంటు చాలా, గుర్రం కావాలా?

2016 జనవరిలో హికారు నకమురా కొమొడో అనే ఇంజిన్‌తో, అంటే చదరంగం ఆడే ప్రోగ్రాంతో, నాలుగు ఆటలు ఆడాడు. అప్పటికి అతను ప్రపంచంలో తొలి పదిమందిలో ఒకడు. ప్రతి ఆటలోనూ ఇంజిన్ ఏదో ఒకటి వదులుకునే మొదలుపెట్టింది. అయినా మూడు డ్రా అయ్యాయి, చివరిది ఇంజినే గెలిచింది. 2020లో అదే ఇంజిన్ కొత్త వెర్షన్‌తో ఆస్ట్రేలియా గ్రాండ్‌మాస్టర్ డేవిడ్ స్మెర్డన్ ఆరు ఆటలు ఆడి 5-1తో గెలిచాడు. స్మెర్డన్ రేటింగు నకమురా కంటే చాలా తక్కువ. ఇంజినేమో ఆ నాలుగేళ్లలో ఇంకా ముదిరింది. మరి ఫలితం ఇలా ఎందుకు తిరగబడింది? నకమురాకు దక్కింది బంటు, ఎక్స్ఛేంజ్ (చిన్న పావుకు బదులు ఏనుగు), నాలుగు అదనపు ఎత్తులు. స్మెర్డన్‌కు ఏకంగా గుర్రమే దొరికింది.

సమానంగా కూర్చుని ఆడే రోజులు ఎప్పుడో పోయాయి. 1997లో డీప్ బ్లూ అనే కంప్యూటర్ చేతిలో ప్రపంచ ఛాంపియన్ కాస్పరోవ్ 3.5-2.5తో ఓడాడు. 2005లో మైకేల్ ఆడమ్స్‌కు హైడ్రా మీద ఆరు ఆటల్లో దక్కింది అర పాయింటు. 2006లో బాన్‌లో క్రామ్నిక్ డీప్ ఫ్రిట్జ్‌కు 4-2తో ఓడాక ఆ ముచ్చటా తీరిపోయింది. మన వరంగల్ కుర్రాడు అర్జున్ ఎరిగైసి 2024 చివర్లో 2800 రేటింగు దాటితే అది పెద్ద వార్త. ఇంజిన్ల జాబితాల్లో స్టాక్‌ఫిష్ 3600 చుట్టూ తిరుగుతుంటుంది. రెండు జాబితాలూ వేరు, నేరుగా పోల్చకూడదు. అయినా దూరం ఎంతో అర్థమవుతుంది. కాబట్టి చూడదగ్గ పోటీ కావాలంటే యంత్రం ఏదో ఒకటి వదులుకోవాలి. ఏది వదులుకుంటే ఆట రక్తికడుతుంది?

మొదట అందరికీ తట్టేది బంటు. 2007లో ఎస్తోనియా గ్రాండ్‌మాస్టర్ యాన్ ఎల్వెస్ట్‌తో రిబ్కా అనే ఇంజిన్ ఎనిమిది ఆటలు ఆడింది. ఒక్కో ఆటలో ఒక్కో బంటు తీసేసి ఆడినా 5.5-2.5తో గెలిచింది. మరుసటి ఏడు రోమన్ జింజిఖాష్విలితో ఇంకాస్త ఉదారంగా వ్యవహరించింది: బంటూ ఇచ్చి, మొదటి ఎత్తూ ఇచ్చింది. ఫలితం 4-4. ఆనాటికి అది చక్కటి తూకమే. కానీ ఇంజిన్లు అక్కడ ఆగలేదు కదా. 2014లో స్టాక్‌ఫిష్ మీద నకమురా రెండు ఆటలు పాత రిబ్కా సాయంతో, రెండు ఆటలు బంటు ఎక్కువతో ఆడి మొత్తం మీద 3-1తో ఓడాడు.

పైగా బంట్లన్నీ ఒకటి కావు. అంచున ఉండే బంటు తీసేస్తే మూలనున్న ఏనుగుకు దారి తెరుచుకుంటుంది, కొంత నష్టం అక్కడే పూడుతుంది. ఎఫ్7 గడిలోని బంటు పోతే మాత్రం నల్లరాజు పక్కన గోడ కూలినట్టే. అందుకే పాతకాలం నుంచీ ‘బంటూ ఎత్తూ’ అంటే ఎఫ్7 బంటే. ఏ బంటు ఇస్తున్నారో చెప్పకుండా ‘ఒక బంటు ఇచ్చి ఆడింది’ అని రాసే వార్తలు చూస్తే నాకు చిరాకు.

అదనపు ఎత్తులు చూడ్డానికి గొప్పగా ఉంటాయి. ఎదుటివాడు కదలకముందే నాలుగు ఎత్తులు వేసేసుకోవచ్చంటే ఎవరికి చేదు? కానీ నకమురా ఓడిపోయింది సరిగ్గా ఆ ఆటే. బంటు ఎక్కువుంటే అది అరవయ్యో ఎత్తుకీ బోర్డు మీదే ఉంటుంది. ముందు వేసిన ఎత్తుల లాభం అలా నిలవదు. వెంటనే దాడికి దిగి సొమ్ము చేసుకోకపోతే పదిహేను ఎత్తుల్లో కరిగిపోతుంది. దాడి అంటే లెక్కలు, లెక్కల్లో యంత్రాన్ని మించేవాడు లేడు. మనిషిని అతని బలహీనత దగ్గరికే లాక్కెళ్లే కానుక ఇది. నా జాబితాలో దీనిది అట్టడుగు స్థానం.

ఎక్స్ఛేంజ్ సంగతి వేరు. యంత్రం ఏనుగును వదులుకుంటుంది, బదులుగా మనిషి గుర్రాన్నో శకటాన్నో వదులుకుంటాడు. 2008లో వాదిమ్ మిలోవ్ రిబ్కా మీద ఈ పద్ధతిలో నాలుగు ఆటలు ఆడి 2.5-1.5తో నెగ్గాడు. నకమురా కూడా ఈ ఆటలో కొమొడోను డ్రా దగ్గర ఆపాడు. ఏనుగు విలువ ఆలస్యంగా తెలుస్తుంది. వరుసలు తెరుచుకోవాలి, పావులు తగ్గాలి, అప్పుడే అది చిన్న పావును తొక్కేస్తుంది. అంతదాకా మనిషి ఓపిక పట్టాలి, ఈలోపు యంత్రం వరుసలు మూసి ఉంచడానికే చూస్తుంది. ఆట తెలిసినవాళ్లకు ఇది విందు. కొత్తగా చూసేవాళ్లకు మాత్రం ఎవరు ముందున్నారో కూడా తెలియదు.

గుర్రం దగ్గర ఆ ఇబ్బంది లేదు. ఒకవైపు ఒక పావు లేదు, అంతే. ఆడవాళ్లలో ఎవరికైనా గుర్రం ఇచ్చి గెలుస్తానని 1960ల్లో బాబీ ఫిషర్ గొప్పలు పోతే, ఫిషర్ ఫిషరే కావచ్చు గానీ గుర్రం గుర్రమే అని మిఖాయిల్ తాల్ అన్నాడని చెప్పుకుంటారు. గ్రాండ్‌మాస్టర్‌కు గుర్రం ఎక్కువుంటే దారి సూటిగా కనిపిస్తుంది: దొరికిన పావునల్లా మార్పిడి చెయ్యి, చిక్కుముళ్లకు పోకు, ఎండ్‌గేమ్‌కు, అంటే కొన్ని పావులే మిగిలే చివరిదశకు, చేరు.

ఇక్కడ యంత్రానికి ఒక పుట్టుగుణం అడ్డొచ్చేది. మామూలు ఇంజిన్ ఎదుటివాడు కూడా తనంత గట్టివాడే అనుకుంటుంది. గుర్రం లేకుండా మొదలుపెడితే తన లెక్కలో ఆట పోయినట్టే. అప్పుడు దానికి అన్ని ఎత్తులూ ఇంచుమించు ఒకేలా కనిపిస్తాయి, నిక్షేపంగా పావులు మార్చుకుంటూ పోతుంది. పందొమ్మిదో శతాబ్దంలో గుర్రం ఇచ్చి ఆడిన పాల్ మార్ఫీ అలా చేసేవాడు కాదు. ఎదుటి మనిషి తడబడతాడని తెలిసి, పావులు నిలిపి, బోర్డంతా చిక్కుచేసేవాడు. ఇంజిన్లకు ఆ బుద్ధి కొంత నేర్పడానికి ‘కంటెంప్ట్’ అనే సెట్టింగు పెట్టారు: ఎదుటివాడు నీకంటే తక్కువవాడు, డ్రాకు ఒప్పుకోకు, మార్పిడికి తొందరపడకు అని చెప్పడమన్నమాట. దాన్ని ఇంకా ముందుకు తీసుకెళ్లింది లీలా అనే ఇంజిన్. గుర్రం లేని ఆట కోసమే తర్ఫీదు పొందిన లీలా బాట్ 2024 నుంచి లిచెస్ అనే చదరంగం వెబ్‌సైట్‌లో ఆడుతోంది. బ్లిట్జ్‌లో, అంటే కొద్ది నిమిషాల్లో ముగిసే ఆటల్లో, గ్రాండ్‌మాస్టర్లను కూడా తరచూ మట్టి కరిపిస్తోంది. దాని ఆట చూస్తుంటే వల పన్నే మనిషిని చూస్తున్నట్టే ఉంటుంది.

మరి స్మెర్డన్ 5-1తో గెలిచిన గుర్రమే ఇప్పుడు చాలడం లేదా? ఇక్కడే గడియారం లెక్కలోకి వస్తుంది. స్మెర్డన్ ఆడింది రాపిడ్, బ్లిట్జ్ కంటే ఎక్కువ సమయం దొరికే ఆట. మూడు నిమిషాల ఆటలో గ్రాండ్‌మాస్టర్ కన్ను కూడా ఏదో ఒక మూల తప్పుతుంది, లీలాకు ఆ ఒక్క తప్పు చాలు. అదే గుర్రంతో గంటన్నర ఇస్తే యంత్రానికి దారి దొరకడం బాగా కష్టమవుతుంది. కాబట్టి గుర్రం ఇచ్చారా, బంటు ఇచ్చారా అన్నది సగం సంగతే. మనిషికి ఎంత సమయం ఇచ్చారన్నది మిగతా సగం. కొందరు యంత్రం సమయం తగ్గిద్దాం అంటారు, దానివల్ల పెద్దగా ఒరిగేది లేదు. ఒక్క సెకను ఆలోచించినా ఫోన్‌లోని స్టాక్‌ఫిష్ మనల్ని నలిపేస్తుంది.

డ్రా అయితే మనిషి గెలిచినట్టు లెక్కించే పద్ధతీ ఉంది. దాన్ని నేను ఇష్టపడను. మనిషి తలుపులన్నీ మూసుకుని కూర్చుంటాడు, చూసేవాళ్లకు ఆవలింతలు. పాత ఇంజిన్ సాయం తీసుకుని ఆడటమైతే రెండు యంత్రాల పోటీయే, మనిషి మధ్యవర్తి.

నా ఓటు గుర్రానికే, గడియారాన్ని మార్చుకునే వీలుతో. బంటుకూ గుర్రానికీ మధ్య అగాధం ఉంది, ఒకటి మరీ తక్కువ, ఇంకొకటి ఒక్కోసారి మరీ ఎక్కువ. ఆ తేడాను పూడ్చేది సమయమే: ప్రపంచ స్థాయి ఆటగాడికి ఐదో పదో నిమిషాలు, మామూలు గ్రాండ్‌మాస్టర్‌కు పావుగంట, అంతకంటే కిందివాళ్లకు గంట. సుదీర్ఘమైన క్లాసికల్ పోటీ పెట్టేట్టయితే మాత్రం ఎక్స్ఛేంజ్‌కు మారతాను. అంత సమయంలో గుర్రం ఎక్కువున్న గ్రాండ్‌మాస్టర్‌ను ఓడించమనడం యంత్రానికే అన్యాయం.

మనలాంటి క్లబ్ ఆటగాళ్లకు గుర్రం ఏ మూలకూ చాలదు. లిచెస్‌లో మంత్రి లేకుండా ఆడే లీలా కూడా ఉంది. 1500 రేటింగు దగ్గరున్నవాళ్లు అక్కడ మొదలుపెట్టండి, వరసగా గెలుస్తుంటే ఏనుగు లేకుండా ఆడే దానికి దిగండి. సమయం మాత్రం పుష్కలంగా పెట్టుకోండి. మూడు నిమిషాల ఆటకు దిగితే చేతిలో మంత్రి ఎక్కువున్నా ఆటకట్టు మీకే పడుతుంది.