పులితేన్పుల ఆపరేషన్: సర్జన్‌కి అయిదు స్టార్లు, డిశ్చార్జ్ కాగితానికి ఒకటి

మా నాయనకి ఏళ్ల తరబడి గుండెల్లో మంట, రాత్రి పడుకుంటే పుల్లనీళ్లు గొంతులోకి ఎగదన్నడం. యాసిడ్ తగ్గించే పాంటోప్రజోల్ మాత్రలు మింగీ మింగీ విసుగొచ్చి తిరుపతిలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో లాపరోస్కోపీతో, అంటే చిన్న చిల్లులతోనే, ఆపరేషన్ చేయించాం. పేరు రాయను, ఎందుకంటే తిట్టేది కూడా ఉంది.

ముందు మెచ్చుకోవాల్సింది. ఎండోస్కోపీ ఒక్కటే చూసి రేపొచ్చి అడ్మిట్ అవ్వండి అనలేదు. అన్నవాహికలోకి యాసిడ్ ఎంత ఎగదన్నుతోందో చూసే 24 గంటల పీహెచ్ టెస్టు, అన్నవాహిక బలం కొలిచే మానోమెట్రీ రెండూ అయ్యాకే ఆపరేషన్ మాటెత్తారు. ముక్కులో సన్న గొట్టంతో తిరగడం మా నాయనకి నచ్చలేదు, బిల్లు నాకు నచ్చలేదు, కానీ తర్వాత ఇబ్బందులు తగ్గాయంటే ఆ టెస్టుల చలవే. ఈ ఆపరేషన్లో జీర్ణాశయం పైభాగాన్ని అన్నవాహిక కింది చివర చుట్టూ తిప్పి కుడతారు. పూర్తిగా 360 డిగ్రీలు చుడితే నిస్సెన్, వెనకనుంచి 270 డిగ్రీలు చుడితే టూపే. చుట్టు మరీ బిగిస్తే ముద్ద దిగదు, తేన్పు రాదు, గాలంతా లోపలే నిలిచి పొట్ట ఉబ్బుతుంది. అన్నవాహికకి కిందికి నెట్టే బలం ఎంతుందో మానోమెట్రీ చెబుతుంది. మా నాయనకి అది తక్కువని టూపే చేశారు, సర్జన్ గారు బొమ్మ గీసి మరీ వివరించారు. మీరెక్కడికి వెళ్లినా ఏ చుట్టు వేస్తారు, ఎందుకు అని అడగండి, దాటేస్తే ఇంకోచోట చూపించుకోండి.

ఆపరేషన్ రాత్రి భుజం నొప్పంటే మాకు ఒకటే టెన్షన్. పొట్టలోకి నింపిన కార్బన్ డయాక్సైడ్ వల్లేనని నర్సమ్మ చెప్పి, లేపి నాలుగడుగులు వేయించింది. మెల్లగా అదే పోయింది.

ఇక తిట్టేది. డిశ్చార్జ్ కాగితంలో ‘సాఫ్ట్ డైట్’ అని రెండే మాటలు. చిత్తూరు జిల్లా మనిషికి సంగటి కంటే మెత్తనిదేముంది? ఇంటికెళ్లగానే ఊరిబిండి పచ్చడితో సంగటికి కూర్చున్నాడు. సంగటి మనం నమలం కదా, ముద్దకు ముద్ద మింగేస్తాం, అది రొమ్ములో ఇరుక్కుని మనిషి గిలగిల్లాడిపోయాడు. ఫోన్ చేస్తే రిసెప్షన్‌లో ఓపీకి రండి అంటారు తప్ప డాక్టర్‌కి ఇవ్వరు. చివరికి డ్యూటీ డాక్టర్ దొరికి చెప్పిందేమిటంటే, మొదట పల్చని జావ, మజ్జిగ, తర్వాత పిసికిన పెరుగన్నం, నాలుగు నుంచి ఆరు వారాలు ఇలాగే, కొంచెం కొంచెంగా, బాగా నమిలి, నిటారుగా కూర్చుని. ఎండు బ్రెడ్డు, మాంసం ముక్కలు ఇప్పుడే వద్దు. సోడా అసలే వద్దు, స్ట్రా కూడా వద్దు. లోపలి వాపు వల్ల మొదట్లో మింగడం కష్టమే, వారాల్లో సర్దుకుంటుంది, కానీ నీళ్లు కూడా దిగకపోయినా, వాంతులు, జ్వరం, ఛాతీ నొప్పి వచ్చినా ఆగకుండా వచ్చేయాలి. ఈ నాలుగు ముక్కలు తెలుగులో అచ్చేసి చేతికిస్తే ఏం పోయేది?

ఇప్పుడు మాత్ర లేకుండా హాయిగా నిద్రపోతున్నాడు. తేన్పు సరిగ్గా రాదు కాబట్టి మింగిన గాలి కిందనుంచే పోతోంది, దానికి ఇంట్లోవాళ్లకి కాస్త ఓపిక కావాలి.